తల్లి పేరు ముందు

గామగోరి
1996 అక్టోబరు 9

చిగుసాకు,

మోకాలి ఆపరేషన్ వల్ల నువ్వు రాలేకపోయావు. నీ భర్త తత్సువో వచ్చి రెండు రోజులున్నాడు. అతను చెప్పే ఉంటాడు. అయినా మీ అక్క చివరి రోజు గురించి నేనే రాయాలి.

అక్టోబరు మూడు, గురువారం. తోమోఎ అయిదున్నరకు లేచింది. ఆల్చిప్పలు వేసి మిసో చారు కాచింది. నాకు పెట్టింది, తను తినలేదు. తల బరువుగా ఉందంది. ఈ రోజుకి మానెయ్యమన్నాను. "దీపాలు వెలగ్గానే గుడ్లు పెట్టేస్తాయి. చేపలకి సెలవు చీటీ ఎవరు రాస్తారు?" అంది. ఆరుంబావుకి సైకిల్ మీద పరిశోధన కేంద్రానికి వెళ్ళింది.

అక్కడ చేపల్ని చూసుకునే గోందో చెప్పినదాని ప్రకారం, ఏడున్నరకల్లా గుడ్లు తీసి గిన్నెల్లో వేసుకుంది. ఎనిమిదిన్నరకు మైక్రోస్కోప్ ముందు కూర్చుంది. కాసేపటికి తల దాని మీదికి వాలింది. ఏదో శ్రద్ధగా చూస్తోందనుకుని గోందో చప్పుడు చెయ్యకుండా పని చేసుకున్నాడు. పది నిమిషాలు అలా గడిచిపోయాయి.

ఆఫీసుకి ఫోన్ వచ్చేసరికి నేను కౌంటర్లో ఉన్నాను. ఎదురుగా ఒక తండ్రి కొడుకు పుట్టాడని నమోదు చేయించుకుంటున్నాడు. అతని ఫారం పూర్తి చేసి, ముద్ర వేసి, కాగితం చేతికిచ్చి బయల్దేరాను. అయిదు నిమిషాలు పట్టింది. ఎందుకలా చేశానో తెలియదు. చేతులు వాటంతట అవే చేశాయి.

పదకొండుంబావుకి ఆసుపత్రిలో పోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. నన్ను చూడలేదు.

ఎముకలు గట్టివని దహనశాల మనిషి మెచ్చుకున్నాడు. అస్థికలు ఇంట్లో ఉన్నాయి. నలభై తొమ్మిదో రోజు నవంబరు 20, బుధవారం అవుతోంది. ఆ రోజు మా కుటుంబ సమాధిలో అమ్మ పక్కన ఉంచుతాం. రాతి మీద తోమోఎ పేరు ముందే చెక్కి ఉంది. బతికున్నవాళ్ళ పేర్లకి వేసే ఎరుపు రంగు తీసేస్తే చాలు. అప్పటికి నడవగలిగితే రా.

హిసామిచి ఒరిగాసా


తకయామా
అక్టోబరు 15

బావగారికి,

మీ ఉత్తరం ఆసుపత్రిలోనే అందింది. చదువుతుంటే పక్క మంచం ముసలావిడ "ఏమ్మా, మీ ఆయన వేరే కాపురం పెట్టాడా?" అని అడిగింది. మా అక్క పోయిందని చెప్పాను. ఆవిడ తన భోజనంలోంచి గుడ్డు తీసి నా పళ్ళెంలో పెట్టింది.

ఎర్రదుంపలు ఊరగాయకి వచ్చేశాయి. తత్సువో ఒక్కడే కొట్టు చూసుకుంటున్నాడు, ఉప్పు ఎక్కువ వేస్తాడు. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, రాయాల్సింది రాయలేక.

రాస్తాను. అక్కని ఆ సమాధిలో పెట్టకండి.

నిరుడు చలికాలంలో రక్తపోటు ఎక్కువుందని డాక్టరు అన్నాక, అక్క నాకొక ఉత్తరం రాసింది. "నేను ముందు పోతే, నన్ను ఒరిగాసా వాళ్ళ సమాధిలో పెట్టొద్దని ఆయన్ని అడుగు" అని ఉంది. అక్క చేతిరాతే. కావాలంటే వచ్చి చూసుకోండి.

ఇక్కడ మా అమ్మా నాన్నల దగ్గర చోటుంది. కొండ కనిపిస్తుంది. అస్థికలు ఇక్కడికి తీసుకురండి.

ఆరోగ్యం జాగ్రత్త. ఎండబెట్టిన చేపలు మాత్రమే తిని రోజులు గడపకండి.

చిగుసా


గామగోరి
అక్టోబరు 20

చిగుసాకు,

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టాను. తర్వాత చూసుకుంటే గుమ్మంలో కూర్చుని ఉన్నాను.

ముప్పై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. నాతో ఒక్కసారి కూడా అనలేదు. పోయిన ఆగస్టులో సమాధి కడగడానికి ఇద్దరమూ వెళ్ళాం. రాయి తనే తోమింది. పూలు తనే పెట్టింది.

ఎందుకు వద్దంది?

అమ్మ వల్లనా? అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. పెద్ద కొడుకు పెళ్ళాన్ని వేరే చోట పెడితే మా బాబాయి, తమ్ముడు మసయాసు ఊరుకోరు. వాళ్ళ సంగతి అలా ఉంచు. నేను పోయాక నా పక్కన ఎవరుంటారు?

ఎందుకో చెప్పు. తెలియకుండా నేను ఏమీ చెయ్యలేను.

హిసామిచి


తకయామా
అక్టోబరు 25

బావగారికి,

ఇంటికి వచ్చాను. మెట్లెక్కడానికి తత్సువో వీపు మీద మోశాడు. దించాక "బియ్యం బస్తా నయం" అన్నాడు. ఈ మనిషితో ఇంకా ముప్పై ఏళ్ళు వేగాలి.

ఎందుకని అడుగుతున్నారు. కారణం మీకు తెలుసు. నా చేత రాయించకండి.

మీ అమ్మగారి మాటలు మాత్రమే అయితే అక్క పట్టించుకునేది కాదు. ఒక కొత్త సంవత్సరం రోజున మీ ఇంటికి నేనూ వచ్చాను, గుర్తుందా? చుట్టాలందరూ ఉన్నారు. అక్క వడ్డిస్తోంది. "మా కోడలు వందల గుడ్లకి మంత్రసాని! మా ఇంటికి మాత్రం ఉత్త చేతులు!" అన్నారు మీ అమ్మగారు. మీ బాబాయి పగలబడి నవ్వాడు. "చేపల నీళ్ళలో చేతులు నానబెడితే ఒళ్ళు చల్లబడిపోతుందమ్మాయ్, అందుకే కడుపు పండదు" అన్నాడు. అక్క కూడా నవ్వింది. మీరు టీవీ చూస్తున్నారు.

అప్పుడు మీకు తెలియదు, సరే. తెలిశాక కూడా అదే టీవీ చూశారు కదా. అమ్మగారి మూడో సంవత్సరీకం రోజున మీ బాబాయి మళ్ళీ అదే మొదలుపెట్టాడు. "ఒరిగాసా వంశం ఈ అమ్మాయితో ఆగిపోయింది" అన్నాడు. మీరు అతని గ్లాసులో సాకె పోశారు.

అది నేను మరిచిపోలేను. ఇంతకన్నా రాయను.

చిగుసా


గామగోరి
అక్టోబరు 31

చిగుసాకు,

నీ ఉత్తరంలో "తెలిశాక కూడా" అన్న మాట అర్థం కాలేదు. నాలుగు రోజులు ఆలోచించాను. ఇప్పుడు అర్థమైందనుకుంటున్నాను.

తోమోఎ బీరువాలో ఒక నోటుపుస్తకం దొరికింది. కేంద్రం వాళ్ళది కాదు, సొంతం. అందులో పదిహేడో నంబరు చేపల గురించి ఉంది. నీతో చెప్పే ఉంటుంది. మెదకా అనే చిన్న చేపల్లో పుట్టుకతో ఏదో తేడా ఉన్న రకం అది. పదిహేడేళ్ళు వాటినే పెంచింది. వాటి గుడ్డులో మొదటి కణం రెండుగా చీలదు. చీలాలంటే కణం లోపల దారపు కండె లాంటిది ఏర్పడాలట. దాని రెండు కొసల్లో రెండు నక్షత్రాలుంటాయి. అవి లేకపోతే కండెకి కొసలుండవు. పోగులు చిక్కుపడిపోతాయి. ఇదంతా ఆమె అన్నం తింటూ చెప్పేది. సగం వినేవాణ్ణి.

ఒక పేజీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మామూలు × 17. ముప్పై గుడ్లు. శుక్రకణం చేరింది. నక్షత్రం లేదు. ఒక్కటీ సరిగా చీలలేదు.
17 × మామూలు. ముప్పై గుడ్లు. అన్నీ రెండు, నాలుగు, ఎనిమిది."

దాని కింద, కొంచెం వదిలి:

"1986 మే 22. తో × హి. నాలుగు. శుక్రకణం చేరింది. నక్షత్రం లేదు. మామూలు × 17."

తో అంటే తోమోఎ. హి అంటే నేను. ఆ నెలలో నగోయా ఆసుపత్రిలో గాజు గిన్నెలో మా బిడ్డ కోసం ప్రయత్నించారు. కుదరలేదని సాయంత్రం నాతో చెప్పింది.

కుటుంబ నమోదు కౌంటర్లో ముప్పై నాలుగేళ్ళుగా పని చేస్తున్నాను. మా కాగితాల్లో ముందు భర్త, తర్వాత భార్య. ఆ లెక్కన "మామూలు × 17" అంటే మగచేప మామూలుది, ఆడచేపలో లోపం. మా పేర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తన పేరు ముందు రాసుకుంది. కొత్త సంవత్సరం కార్డుల మీద కూడా ఏనాడూ అలా రాయలేదు. లోపం తనది కాబట్టి తనే ముందు నిలబడింది.

అంటే తనవల్లేనని ఆమెకు తెలుసు. పదేళ్ళు దాచుకుంది. ఆ సిగ్గుతోనే మా పెద్దల పక్కన ఉండనంది. అదే కదా నువ్వు రాయలేనన్నది?

నాతో చెప్పి ఉంటే, పరవాలేదు అనేవాణ్ణి. ఇప్పుడైనా నా మనసులో ఏమీ లేదు. క్షమించాను. అందుకే ఆమెను మా సమాధిలోనే పెడతాను. ఈ ఇంటి మనిషేనని అందరి ముందూ చెప్పినట్టవుతుంది. నవంబరు 20, పదింటికి.

హిసామిచి


తకయామా
నవంబరు 4

బావగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చించబోయాను. తత్సువో లాక్కున్నాడు.

క్షమించారా? మీరు?

రెండోసారి చదివినప్పుడు ఇంత నటన ఎక్కడ నేర్చుకున్నారా అనుకున్నాను. మూడోసారి ఒక్కో వాక్యం దగ్గరా ఆగి చదివాను. బావగారూ, మీకు నిజంగానే తెలియదా?

ఆ పేజీ పట్టుకుని గోందోగారి దగ్గరికి వెళ్ళండి. చదివి చెప్పమనండి. అప్పటిదాకా నాకు రాయకండి. సమాధి రాయి ముట్టుకోకండి.

చిగుసా


గామగోరి
నవంబరు 12

చిగుసాకు,

వెళ్ళాను. ఆదివారం ఉదయం, ఏడింటికి ముందే.

గోందో తొట్లు కడుగుతున్నాడు. నన్ను చూసి చీపురు పక్కన పెట్టి వంగి నమస్కరించాడు. ఆ పది నిమిషాల సంగతి మళ్ళీ ఎత్తాడు. "నేను గాడిదనండీ, ఒరిగాసాగారూ. మీ ఆవిడ అంతసేపు కదలకుండా చూడ్డం రోజూ ఉన్నదే. అందుకే అనుమానం రాలేదు" అన్నాడు. నాకూ వచ్చేది కాదన్నాను.

నోటుపుస్తకం తీసి పై రెండు వరుసలు చూపించాను. కింది వరుస మీద అరచెయ్యి పెట్టాను.

"ఇది ఎలా చదవాలి?"

"ఎలా ఏముంది? మామూలు ఆడది, పదిహేడు మగది. సున్నా. రెండోది పదిహేడు ఆడది, మామూలు మగది. బ్రహ్మాండం."

"ముందు రాసింది మగచేప కాదా?"

గోందో నవ్వాడు. "మీ ఆఫీసులో అలాగా? ఇక్కడ తల్లి పేరే ముందండీ. ఈ దేశమనే కాదు, చేపలైనా పురుగులైనా మొక్కలైనా, జత కట్టించేవాడు ఎవడైనా తల్లినే ముందు రాస్తాడు. తొట్లు చూడండి. ఎడమవైపు ఆడవి, కుడివైపు మగవి. నేను చేరిన కొత్తలో ఒక్కసారి తిరగేసి పెట్టా. మీ ఆవిడ నా చేత నెల రోజులు చీటీలు రాయించింది."

నేను ఆ రెండు వరుసలూ మళ్ళీ చదివాను.

"అంటే, లోపం..."

"మగదానిదే. ఈ రకంలో ఉన్న తమాషా అంతా అదే కదండీ! ఆడది పదిహేడైనా ఏం పరవాలేదు, మంచి మగదాన్ని జత చేస్తే గంపెడు పిల్లలు. మగది పదిహేడైతే మాత్రం ఎంత మంచి తల్లి గుడ్డైనా దండగే. కణం లోపల ఆ నక్షత్రం పుట్టాలంటే మొదటి చుక్క తండ్రే తేవాలి. తల్లి గుడ్డులో తక్కిన సరంజామా అంతా ఉంటుంది. ఆ చుక్క ఒక్కటే ఉండదు. వీడు ఉత్త చేతుల్తో వచ్చి కూర్చుంటాడు."

ఉత్త చేతులు. మా అమ్మ అన్న మాట నీ ఉత్తరంలో చదివి పదిహేను రోజులే అయింది.

కుడివైపు తొట్టిలో నాలుగు చేపలు తిరుగుతున్నాయి. తెల్లగా, చురుగ్గా ఉన్నాయి. "చూస్తే తెలియదు కదా" అన్నాను.

"ఎలా తెలుస్తుందండీ? మహారాజుల్లా ఉంటారు. తింటారు, ఈదుతారు, ఆడదాని చుట్టూ ప్రదక్షిణాలు చేస్తారు. శుక్రకణాలు లెక్కపెట్టినా సరిగ్గానే ఉంటాయి, పరిగెడతాయి కూడా. అందుకే మొదట్లో రెండేళ్ళు అందరూ ఆడవాటినే అనుమానించారు. కాదు, మగవాటిని చూడండి అన్నది మీ ఆవిడే."

పెళ్ళయిన ఆరో ఏట నన్ను పరీక్షించిన డాక్టరు అన్నది కూడా అదే. లెక్క సరిపోయింది, కదలిక బాగుంది. ఆ కాగితం అమ్మ దేవుడి అరలో పెట్టింది. వచ్చినవాళ్ళకి చూపించేది.

గోందో తోమోఎ తీసిన ఫొటోలు రెండు తెచ్చాడు. ఒకదానిలో రెండు నక్షత్రాలు, వాటి మధ్య సాగిన పోగులు. రెండోదానిలో కొసలు లేని చిక్కు, దారపుండ కింద పడితే పిల్లి ఆడుకున్నట్టు. తర్వాత ఆ ఉదయం పెట్టిన గుడ్లు రెండు గిన్నెల్లో చూపించాడు. ఒక గిన్నెలో గంటంబావుకి ప్రతి గుడ్డు మీదా చిన్న బొడిపె రెండుగా చీలింది, తర్వాత నాలుగైంది. ఇంకో గిన్నెలో గుడ్లు అలాగే ఉన్నాయి. కొన్ని మాత్రం అడ్డదిడ్డంగా నొక్కుకుపోయాయి. రెండింటిలోనూ తల్లులు ఒకే తొట్టివి.

"చెయ్యి తీస్తారా? కింద ఇంకో వరుస ఉన్నట్టుంది" అన్నాడు గోందో.

"అది ఇంటి సంగతి" అన్నాను.

అతను నా మొహం చూశాడు. గిన్నెలు పక్కకి జరిపాడు. కాసేపటికి "మీ ఆవిడ ఈ చేపల్ని ఎప్పుడూ తిట్టలేదండీ. నేను మహారాజులని వెక్కిరిస్తే నా మీదే కోప్పడేది. వాటికేం తెలుసు గోందో, అనేది" అన్నాడు.

ఇంటికి ఎలా వచ్చానో గుర్తు లేదు. సైకిల్ అక్కడే వదిలేశానని మర్నాడు తెలిసింది. గోందో దాన్ని నడిపించుకుని వచ్చి మా గోడకి ఆనించి వెళ్ళాడు. పిలవలేదు.

1986 మే 22 సాయంత్రం ఏం జరిగిందో ఇప్పుడు పూర్తిగా గుర్తుకొచ్చింది. ఆమె బూట్లు విప్పుతూ "కుదరలేదు" అంది. నేను "సరే" అన్నాను. తర్వాత టీ ఉందా అని అడిగాను. ఆమె టీ పెట్టింది. ఎదురుగా కూర్చుంది. నేను తాగడం అయ్యేదాకా కూర్చునే ఉంది. ఏం చూశావు, డాక్టరేమన్నాడు అని నేను అడగలేదు. అడిగితే బాధపడుతుందనుకున్నాను. నిజానికి అడిగే పని తప్పిందని తేలిగ్గా అనిపించింది.

నాకు తెలియదు, చిగుసా. నటన కాదు. తెలియకపోవడం అంతకన్నా మంచిదని కూడా చెప్పను.

క్షమించానని రాశాను. ఆ ఉత్తరం నీ దగ్గరుంది. కాల్చమని అడగను. ఉంచు.

హిసామిచి


తకయామా
నవంబరు 15

బావగారూ,

కుంటుతూ ఊరంతా తిరిగి వచ్చి ఇప్పుడు కూర్చున్నాను. మొదటి మంచు పడింది. తత్సువో ఏమీ అడక్కుండా పొయ్యి వెలిగించి కొట్లోకి వెళ్ళిపోయాడు. తెలివైనవాడే, అప్పుడప్పుడూ.

ఇప్పుడు నేను చెప్పాల్సినవి రెండున్నాయి.

ఒకటి. ఆ మే నెలాఖరున అక్క ఇక్కడికి వచ్చింది. ఆసుపత్రి డాక్టరుకి తను ఎవరో, ఏం పని చేస్తుందో చెప్పి, చీలని ఆ నాలుగు గుడ్లకీ తన చేత్తోనే రంగు వేసి చూసిందట. ఏడేళ్ళుగా ఆ చేపల్ని చూస్తున్న మనిషి. ఒక్క చూపు చాలిందంది. చెబుతూ నవ్వింది బావగారూ. "చిగుసా, నేను తొట్టి తొట్టీ వెతుకుతున్నానా, పదిహేడు మా ఇంట్లోనే చారు తాగుతోంది" అంది. నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

ఇప్పుడే వెళ్ళి చెప్పు, అందరి ముందూ చెప్పు అన్నాను. "అత్తగారు మంచం మీదుంది. కొడుకుదే లోపమంటే తట్టుకోలేదు. ఆవిడ పోనీ" అంది. "మరి బావగారికి?" అంటే, "ఆయన రోజంతా ఊళ్ళో పుట్టిన పిల్లల పేర్లు రాస్తారే. ఇది తెలిస్తే రేపట్నుంచి ఆ కుర్చీలో ఎలా కూర్చుంటారు? అడిగితే చెబుతాను. అడగకపోతే తెలుసుకోవాలని లేదన్నమాట" అంది.

మరుసటి ఏడు మీ అమ్మగారు పోయారు. అక్క చెప్పేసిందనే అనుకున్నాను. మీరు తెలిసీ, మీ బాబాయి గ్లాసు నింపుతూ కూర్చున్నారని తొమ్మిదేళ్ళు మిమ్మల్ని అసహ్యించుకున్నాను. అక్క దగ్గర మీ మాట వస్తే ముఖం తిప్పుకునేదాన్ని. అది చూసి, నేను ఇంకా కోపంగా ఉన్నానని అక్క ఆ సంగతే ఎత్తేది కాదు. ఎత్తి ఉంటే తేలిపోయేది.

రెండోది ఇది. అక్క ఉత్తరంలో నేను మీకు చెప్పనిది ఉంది. పూర్తిగా రాస్తున్నాను.

"నేను ముందు పోతే, నన్ను ఒరిగాసా వాళ్ళ సమాధిలో పెట్టొద్దని ఆయన్ని అడుగు. ఎందుకని ఆయన అడిగితే, అన్నీ చెప్పు. ఏమీ దాచకు. చెప్పాక ఆయన ఇష్టం. అక్కడే పెట్టినా నాకు కోపం ఉండదు."

మీకు తెలుసనుకుని, ఆ మిగతాది మింగేశాను. ఎంచుకునే హక్కు మీకు లేదనుకున్నాను.

మీరు అడిగారు బావగారూ. అక్టోబరు ఇరవయ్యో తారీకున "ఎందుకు వద్దంది?" అని రాశారు. అక్క ఎదురుచూసిన ప్రశ్న అదే. అది పదిహేడు రోజులు ఆలస్యంగా వచ్చింది. వచ్చినా నేను నమ్మలేదు. "కారణం మీకు తెలుసు" అని మీ మొహాన కొట్టాను.

ఇక మీ ఇష్టం. అక్కడే పెడతానంటే నేను కర్ర పట్టుకుని వచ్చి, మీ బాబాయి పక్కన నిలబడి, నోరెత్తకుండా దణ్ణం పెట్టుకుంటాను. మాట.

చిగుసా


గామగోరి
నవంబరు 19

చిగుసాకు,

ఈ ఉత్తరం నీకు అందేసరికి నేను అక్కడే ఉండవచ్చు. అయినా రాస్తున్నాను. మాటల్లో నేను ఇంత చెప్పలేను.

నీ మీద నాకేమీ లేదు. నేను ముప్పై రెండేళ్ళు అడగలేదు. నేను అడిగాక నువ్వు ఇరవై ఆరు రోజులు చెప్పలేదు. ఈ రెండూ ఒకటి కావు.

పదిహేడో రకాన్ని తీసేస్తారని మొదట విన్నాను. గోందో పైవాళ్ళతో మాట్లాడాడు. ఇంకో విశ్వవిద్యాలయం వాళ్ళు వచ్చే నెల తీసుకుంటారట. సామాను కట్టేటప్పుడు సాయానికి రమ్మన్నాడు. వస్తానన్నాను.

నిన్న మసయాసు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, రాతి పనివాడు తొమ్మిదిన్నరకే వస్తాడు. వదిన్ని లోపల పెట్టడానికి అరగంట చాలు. పన్నెండుకి భోజనాలు చెప్పేశాను, పదిహేను మందికి. బాబాయికి పొట్టు తీసిన రొయ్యలు చెప్పా" అన్నాడు. అందరూ వస్తున్నారా అని అడిగాను. "నువ్వు ఎప్పుడూ అడగవే! వస్తున్నారు. ఏం, ప్రసంగం చేస్తావా?" అని నవ్వాడు. రెండు మాటలు చెబుతానన్నాను. "క్లుప్తంగా కానియ్యి" అన్నాడు.

ఆయన ఇష్టం అని రాసిందన్నావు. ఈ రెండు రోజులూ దాని గురించే ఆలోచించాను. నా ఇష్టం ఆమె పక్కన ఉండడం. అది మారలేదు. కానీ ఆ రాయి ముందు ఆమె ముప్పై రెండేళ్ళు తప్పు చేసినదానిలా నిలబడింది. నిజం తెలిశాక కూడా, చివరి పదేళ్ళూ అలాగే నిలబడి, రాయి తోమింది. కోపం ఉండదంది. కోపం లేదు కదా అని మళ్ళీ అక్కడే వదిలిపెడితే, మే 22 సాయంత్రం టీ తాగినట్టే అవుతుంది.

మీ ఊరి పూజారిగారిని ఒకటి అడిగి ఉంచు. ఇద్దరికి చోటుందా అని. రెండోది ఎప్పటికో తెలియదు. ఇక్కడి రాతి మీద ఎర్ర రంగులో ఉన్న నా పేరు కూడా తీసెయ్యమని పనివాడికి చెప్పాను. మసయాసుకి ఇంకా తెలియదు.

మాట తడబడితే ఆపేస్తానని భయం. అందుకని చెప్పాల్సింది కాగితం మీద రాసుకున్నాను. నాలుగు వాక్యాలు వచ్చాయి. గట్టిగా రెండుసార్లు చదివాను. రెండోసారి చివరిదాకా చదవగలిగాను.

రేపు ఉదయం పదింటికి, రాయి తెరవకముందు, బాబాయి, మసయాసు, తక్కినవాళ్ళందరి ముందూ చెబుతాను. మాకు పిల్లలు పుట్టకపోవడానికి కారణం నేను. అది తోమోఎకు పదేళ్ళ కిందటే తెలుసు. నా తల్లి కోసం, నా కోసం ఆ మాట తన మీద వేసుకుంది. నేను ఒక్కసారి కూడా అడగలేదు. వాళ్ళు అనేది అంతా నిలబడి వింటాను. తర్వాత అస్థికలు తీసుకుని పదకొండు యాభై రైలు ఎక్కుతాను.

హిసామిచి